పాత పడవకు కొత్త ఇంజను: ఔట్‌బోర్డు ఇంజను మార్పిడిలో చూడవలసిన విషయాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు చిన్న చేపల పడవకు ఔట్‌బోర్డు ఇంజను ఎలా బిగుస్తుందో, పాత పడవ కొత్త ఇంజనును మోయగలదో లేదో ఎలా తేల్చాలో వివరించగలుగుతారు. ఎన్ని అశ్వశక్తుల ఇంజను అవసరమో, దాని ఖర్చు ఏడాదిలో ఎంతకు తేలుతుందో లెక్క కట్టగలుగుతారు.

సాలూరు వంటి అధ్యయన కేంద్రాలలో చదివేవారికి ఈ పాఠం తమది కాదనిపించవచ్చు. సాలూరుకు సముద్రం లేదు, వేగవతి నది ఉంది, కొండలున్నాయి, లారీలున్నాయి. కానీ లారీ ఇంజను దించి మరొకటి ఎక్కించడం చూసిన వారికి ఇందులో సగం విషయం ముందే తెలుసు. ఛాసిస్ బలం చూడకుండా పెద్ద ఇంజను పెట్టకూడదని, ఘాట్ రోడ్డుకు గేరు నిష్పత్తి వేరుగా ఉండాలని ఆ ఊరి మెకానిక్కులకు ఒకరు చెప్పనక్కర లేదు. ఆ తెలివినే నీటి మీదకు తీసుకువెళ్లడం ఈ పాఠంలో మనం చేసే పని.

1. ఈ తీరానికి ఔట్‌బోర్డు ఎందుకు వచ్చింది?

ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. విజయనగరం జిల్లాకు ఉన్నది భోగాపురం, పూసపాటిరేగ మండలాల పక్కన చిన్న ముక్క మాత్రమే. ఇంత తీరంలోనూ పడవను ప్రశాంతంగా కట్టుకోవడానికి రేవులు చాలా తక్కువ. బారువ నుంచి కోనాడ, ముక్కాం వరకు ఎక్కువ పల్లెలలో పడవ ఇసుక మీద నుంచే బయలుదేరుతుంది, ఇసుక మీదకే తిరిగి వస్తుంది. మధ్యలో కెరటాలు విరిగే పట్టీని దాటాలి. అడుగున ప్రొపెల్లర్, చుక్కాని స్థిరంగా బిగించి ఉన్న పడవ ఇక్కడ పనికిరాదు. ఒడ్డు తగిలిన మొదటి రోజే అవి విరిగిపోతాయి.

అందుకే ఈ ప్రాంతంలో దుంగలు కట్టిన తెప్ప అంతకాలం నిలిచింది. తెప్ప మునగదు, కెరటం కొట్టినా నీరు కారిపోతుంది, ఒడ్డుకు వచ్చాక దుంగలు విడదీసి ఆరబెట్టుకోవచ్చు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభించిన బంగాళాఖాతం కార్యక్రమం ఎదుర్కొన్న సమస్యలలో ఇదొకటి: తెప్ప చేసే పనులన్నీ చేస్తూ, ఇంజనుతో నడిచే పడవ ఏది? నార్వేకు చెందిన నౌకా రూపశిల్పి ఓయివిండ్ గుల్‌బ్రాండ్‌సెన్, ఆయన తోటివారు దీనికి సమాధానంగా తీరాన దిగే పడవలను రూపొందించారు. వాటిలో చిన్న డీజిల్ ఇంజను, ఇరుసు, ప్రొపెల్లర్ ఒకే చట్రంలో ఉండి, ఒడ్డు దగ్గరకు రాగానే అన్నీ కలిసి పైకి లేచే ఏర్పాటు ఉండేది.

ఔట్‌బోర్డు ఇంజను అదే సమస్యకు మరో సమాధానం. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ 1909లో దీనిని వ్యాపార స్థాయిలో తయారు చేయడం మొదలుపెట్టినప్పుడు ఆయన మనసులో ఉన్నది సరస్సులు. మన కెరటాల తీరానికి అది కలిసి రావడానికి కారణం ఒక్కటే, ఇంజను మొత్తం పడవ వెనుక చెక్కకు వేలాడుతుంది, చేత్తో పైకి ఎత్తవచ్చు. చుక్కాని విడిగా అక్కరలేదు, ఇంజనును తిప్పితే పడవ తిరుగుతుంది. పాడైతే విప్పి మోటారు సైకిలు వెనుక కట్టుకుని మెకానిక్కు దగ్గరకు తీసుకుపోవచ్చు. ఈ చివరి సౌకర్యాన్ని పుస్తకాలలో తక్కువగా రాస్తారు గాని, కొనేవారు దానికి చాలా విలువ ఇస్తారు.

ఔట్‌బోర్డులో మూడు భాగాలుంటాయి. పైన ఇంజను తల, మధ్యలో నిలువు ఇరుసు ఉండే కాలు, కింద గేరు పెట్టె, ప్రొపెల్లర్. గేరు పెట్టెకు కాస్త పైన అడ్డంగా ఒక పలక ఉంటుంది. దాని పని పైనుంచి గాలి ప్రొపెల్లర్‌లోకి రాకుండా ఆపడం. దీనిని ఇకపై గాలి పలక అందాం. బిగింపులో దీని స్థానమే ముఖ్యమని తరువాత చూస్తారు.

2. పాత పడవ మోయగలదా?

ఇంజను మార్చాలనుకున్నవారు ముందు ఇంజన్ల దుకాణానికి వెళతారు. నా దృష్టిలో అది తలకిందుల పని. ముందు వెళ్లవలసింది పడవ వెనుక గోడ దగ్గరకు.

దీనికి కారణం లెక్కలో ఉంది. పది అశ్వశక్తుల ఇంజను పూర్తి వేగంలో సుమారు 100 కిలోల బలంతో పడవను ముందుకు నెడుతుంది. ఆ నెట్టుడు ప్రొపెల్లర్ దగ్గర, అంటే క్లాంపు పైభాగానికి సుమారు 60 సెంటీమీటర్ల దిగువన పుడుతుంది. ఇంజను బ్రాకెట్టు గోడను రెండు చోట్ల తాకుతుంది: పైన క్లాంపు, దానికి సుమారు 25 సెంటీమీటర్ల కింద బ్రాకెట్టు అడుగు. పై క్లాంపును ఆధారంగా తీసుకుంటే 100ను 60తో గుణించి 25తో భాగించాలి. కింది భాగం గోడను 240 కిలోల బలంతో లోపలికి నొక్కుతుంది. ఆ తేడా 140 కిలోలు పై క్లాంపు గోడ అంచును వెనక్కి లాగుతుంది. కెరటం మీద పడవ ఎగిరిపడినప్పుడు ఈ అంకెలు ఇంకా పెరుగుతాయి. గోడ బాగుంటే ఇది పెద్ద సంగతి కాదు. కుళ్లిన గోడ అయితే ఇంజను గోడ ముక్కతో సహా సముద్రంలోకి పోతుంది. వెనుక గోడ పోయిన పడవలోకి నీరు రావడానికి క్షణాలు చాలు.

ఫైబరు పడవలలో గోడ బయటికి ఫైబరుగా కనిపించినా లోపల సాధారణంగా ప్లైవుడ్ లేదా చెక్క పలక ఉంటుంది. పాత బోల్టు రంధ్రాల ద్వారా నీరు దిగితే పై పొర నునుపుగా ఉండగానే లోపలి చెక్క మెత్తబడిపోతుంది. దీనిని కనిపెట్టడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. చిన్న కొయ్య సుత్తితో గోడంతా తట్టండి. బాగున్న చోట గట్టి, స్పష్టమైన శబ్దం, కుళ్లిన చోట బోలు శబ్దం వస్తుంది. అనుమానం ఉన్న చోట లోపలి వైపు నుంచి సన్నని రంధ్రం వేసి, బరమాతో వచ్చిన పొట్టును చూడండి. పొడిగా, లేత రంగులో ఉంటే భయం లేదు. నల్లగా, తడిగా, పుల్లటి వాసనతో వస్తే ఆ గోడను పునర్నిర్మించే దాకా ఇంజను మాట ఎత్తకూడదు. చూసిన రంధ్రాన్ని రెసిన్‌తో పూడ్చడం మరువరాదు.

ఇంకొక పరీక్ష ఉంది. పాత ఇంజను ఇంకా బిగించి ఉండగానే దాని కాలును పట్టుకుని గట్టిగా ముందుకు వెనక్కు ఊపండి. మరొకరు గోడ అంచు మీద వేలు పెట్టి చూడాలి. గోడ కదిలినా, మూలల్లో సన్నని పగుళ్లు తెరుచుకుని మూసుకున్నా లోపం ఉన్నట్లే.

చెక్క నావలలో చూడవలసినవి వేరు. ఉప్పునీటిలో పెరిగే చెక్క పురుగు పలకను లోపల తొలిచేస్తుంది, బయట గుండుసూది మొన అంత రంధ్రాలే కనిపిస్తాయి. మేకులు తుప్పు పట్టి చుట్టూ చెక్క నల్లబడితే ఆ మేకు పట్టు కోల్పోయిందని అర్థం.

బరువును కూడా చూడాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజను అదే శక్తిగల టూ స్ట్రోక్ కన్నా కొన్ని కిలోలు ఎక్కువ ఉంటుంది. ఆ తేడా అంతా పడవ చివర పడుతుంది. కొనే ముందే తేడాకు సరిపడా ఇసుక మూటను వెనుక గోడ పక్కన పెట్టి, వలలు, మనుషులు, మంచు పెట్టెతో సహా నీటిలో దించి చూడండి. వెనుక అంచుకు, నీటి మట్టానికి మధ్య ఎత్తు ఎంత తగ్గిందో కొలవండి. వెనక్కు తిరిగి వచ్చే కెరటం ముందుగా ఎక్కేది ఆ అంచు మీదనే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై లెక్కలో 100 కిలోలకు బదులు 150 కిలోల నెట్టుడు ఉంటే క్లాంపు అంచు మీద ఎంత లాగుడు పడుతుంది?

3. ఎన్ని అశ్వశక్తులు కావాలి?

పక్కవాడు 10 పెట్టాడు కాబట్టి నేను 15 పెడతాను అనే తర్కం ప్రతి పల్లెలోనూ ఉంది. పడవకు ఆ తర్కం తెలియదు. నీటిని చీల్చుకుంటూ పోయే బరువైన పడవకు దాని పొడవును బట్టి ఒక సహజ వేగ పరిమితి ఉంటుంది. నీటిమట్టం వద్ద పడవ పొడవును అడుగులలో తీసుకుని దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ వేగం నాట్లలో వస్తుంది. 25 అడుగుల పడవకు 5 రెట్లు 1.34, అంటే 6.7 నాట్లు. ఒక నాటు గంటకు 1.852 కిలోమీటర్లు కాబట్టి గంటకు సుమారు 12 కిలోమీటర్లు. ఆ వేగం దగ్గర పడవ తాను లేపిన అలలోనే ఇరుక్కుంటుంది. ఆపైన ఎంత శక్తి పెట్టినా ముక్కు పైకి లేస్తుంది, వెనుక భాగం కుంగుతుంది, ఇంధనం ఖర్చవుతుంది. తేలికైన, సన్నని ఫైబరు పడవలు ఈ పరిమితిని కొంత దాటగలవు. కానీ వల, చేపలు, ఐదుగురు మనుషులు ఎక్కాక అవీ బరువు పడవలే.

పరిమితికి లోపల కూడా శక్తి అవసరం వేగం ఘనానికి దగ్గరగా పెరుగుతుంది. 5 నాట్ల నుంచి 6 నాట్లకు వెళ్లాలంటే శక్తి 1.2 ఘనం, అంటే దాదాపు 1.73 రెట్లు కావాలి. గంటకు ఇంధనం 73 శాతం పెరుగుతుంది. గమ్యం త్వరగా చేరుతాము కాబట్టి అదే దూరానికి పెరుగుదల 44 శాతం. పది నాటికల్ మైళ్ల దూరానికి కలిసి వచ్చిన సమయం 20 నిమిషాలు. ఆ 20 నిమిషాలతో వేలంలో మంచి ధర దక్కే రోజు ఉండవచ్చు, అప్పుడు పరిగెత్తవలసిందే. ప్రతి రోజూ పరిగెత్తడం మాత్రం నష్టం.

అందుచేత ఈ పరిమాణం పడవకు 8 నుంచి 10 అశ్వశక్తులు సాధారణంగా సరిపోతాయి. పాత ఇంజను పని చేసిన రోజులలో పడవ వేగం సరిపోయిందా లేదా అన్నదే మొదటి ప్రమాణం. సరిపోయి ఉంటే అంతకన్నా పెద్దది కొనడానికి బలమైన కారణం ఉండాలి.

4. టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా, డీజిలా?

పాత కార్బురేటరు టూ స్ట్రోక్ ఇంజనులో తాజా మిశ్రమం లోపలికి వస్తూనే పొగను బయటికి నెడుతుంది. ఈ నెట్టుడులో ఇంధనంలో గణనీయమైన భాగం, దాదాపు నాలుగో వంతు, మండకుండానే బయటికి పోతుంది. వెనుక నీటి మీద రంగురంగుల పొర కనిపించేది అదే. ఫోర్ స్ట్రోక్‌లో ఈ నష్టం లేదు. దాని బదులు కవాటాలు, ఆయిలు మార్పు, ఎక్కువ బరువు ఉంటాయి. పెట్రోలుతో స్టార్టు చేసి కిరోసిన్‌కు మార్చే ఇంజన్లు ఒకప్పుడు లాభసాటి. చౌక కిరోసిన్ సరఫరా తగ్గుతూ వచ్చాక ఆ లాభం కరిగిపోయింది.

పది అశ్వశక్తుల వద్ద పూర్తి వేగంలో గంటకు టూ స్ట్రోక్ సుమారు 5 లీటర్లు, ఫోర్ స్ట్రోక్ సుమారు 3.5 నుంచి 4 లీటర్లు, డీజిల్ సుమారు 2.5 లీటర్లు తాగుతాయి. డీజిల్ చౌకగా కనిపిస్తుంది, నిజంగా చౌకే. ఆంధ్రప్రదేశ్‌లో మత్స్యకారుల డీజిల్‌పై రాయితీ కూడా ఉంది, 2019లో దానిని లీటరుకు 9 రూపాయలకు పెంచారు. కాని డీజిల్ ఇంజను బరువు, కంపనం ఎక్కువ. పొడవైన తోక ఇరుసుతో వచ్చే చిన్న డీజిల్ ఇంజన్లకు వెనుక గోడ మీద వేరే ఆధారం కట్టాలి. పాత పడవకు ఆ కంపనం పడుతుందా అన్నది రెండవ విభాగంలోని పరీక్షలే చెప్పాలి.

లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏడాదికి 160 రోజులు, రోజుకు 4 గంటలు ఇంజను నడిస్తే 640 గంటలు. మధ్యస్థ వేగంలో టూ స్ట్రోక్ 3.5 లీటర్లు, ఫోర్ స్ట్రోక్ 2.5 లీటర్లు తాగుతాయనుకుంటే ఏడాదికి తేడా 640 లీటర్లు. లీటరు 110 రూపాయలనుకుంటే 70,400 రూపాయలు. మీ ప్రాంతంలో రెండు ఇంజన్ల ధరల తేడా ఎంతో డీలరును అడిగి, ఈ మొత్తంతో పోల్చండి. వేటకు ఏడాదికి 40 రోజులే వెళ్లే పడవకు ఇదే లెక్క 17,600 దగ్గర ఆగుతుంది. అప్పుడు నిర్ణయం వేరు కావచ్చు.

5. బిగింపు

గోడ పై అంచు నుంచి పడవ అడుగు వరకు నిలువు కొలత తీసుకోండి. అది 38 సెంటీమీటర్ల దగ్గర ఉంటే పొట్టి కాలు, 51 సెంటీమీటర్ల దగ్గర ఉంటే పొడవు కాలు ఇంజను కావాలి. ఇంజను బిగించాక గాలి పలక పడవ అడుగుతో సమానంగా గాని, రెండు సెంటీమీటర్ల కిందకు గాని ఉండాలి. ఎక్కువ ఎత్తులో ఉంటే కెరటం దాటేటప్పుడు ప్రొపెల్లర్ గాలి పీల్చి, ఇంజను అరుస్తుంది, పడవ కదలదు. కెరటాల పట్టీలో పడవ అడ్డం తిరగడానికి ఇదొక ముఖ్య కారణం. మరీ కిందకు ఉంటే నీటి నిరోధం పెరుగుతుంది, ఒడ్డున ఇసుకను ముందుగా తాకుతుంది.

క్లాంపు మరలు చేత్తో బిగించి వదిలేయడం చాలా చోట్ల చూస్తాము. కంపనానికి అవి వదులవుతాయి. తుప్పు పట్టని ఉక్కు బోల్టులు గోడ గుండా వేసి, లోపలి వైపు వెడల్పాటి పలక పెట్టి బిగించాలి. ప్రతి రంధ్రాన్నీ నీరు దిగకుండా సీలెంటుతో నింపాలి. పాత రంధ్రాలు కొత్త బ్రాకెట్టుకు సరిపోకపోతే వాటిని పూడ్చి కొత్తవి వేయాలి గాని, రంధ్రాన్ని సాగదీయకూడదు. ఇంజనుకు, పడవకు మధ్య ఒక బలమైన తాడు లేదా గొలుసు ఉండాలి. క్లాంపు ఊడినా ఇంజను సముద్రం అడుగుకు పోదు.

పాత ఇంధన గొట్టం, చేతి బల్బు, ట్యాంకు కొత్త ఇంజనుకు వాడుకోవాలనే ఆశ సహజం. గట్టిపడిన గొట్టం పీల్చే గాలి వల్ల, పాత ట్యాంకు అడుగున ఉన్న నీటి వల్ల కొత్త ఇంజను ఆగిపోతే తప్పు ఇంజనుది అనుకుంటారు. గొట్టం కొత్తది వేసి, నీటిని వేరు చేసే ఫిల్టరు పెట్టడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. ఇంజనును ఆపే తాడును నడిపేవారి చేతికి కట్టుకోవడం ఖర్చే లేని పని.

6. ప్రొపెల్లర్: ఘాట్ రోడ్డు పాఠం

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు వెళ్లే లోడు లారీని డ్రైవరు పై గేరులో నడపడు. ప్రొపెల్లర్‌లో పిచ్ అనేది ఆ గేరు వంటిది. పిచ్ అంటే జారుడు లేకపోతే ఒక చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు సాగే దూరం. ఇంజను నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతూ, గేరు పెట్టెలో అది సగానికి తగ్గితే ప్రొపెల్లర్ 2,500 చుట్లు తిరుగుతుంది. పిచ్ 9 అంగుళాలయితే నిమిషానికి 572 మీటర్లు, గంటకు 34 కిలోమీటర్లు. మన పడవ నడిచేది గంటకు 12. లోడు లారీని పై గేరులో ఘాట్ ఎక్కించినట్లే. ఇంజను నిర్ణీత చుట్లు చేరలేక మూలుగుతుంది, లోపల మసి పడుతుంది. తేలికపాటి విహార పడవల కోసం అమర్చిన ప్రొపెల్లర్‌తోనే ఇంజను పెట్టెలో వస్తే ఇదే జరుగుతుంది.

పరీక్ష సులభం. పూర్తి లోడుతో, పూర్తి వేగంలో చుట్లను మీటరుతో కొలవండి. ఇంజను పుస్తకంలో ఇచ్చిన పరిధి చేరకపోతే పిచ్ తగ్గించాలి. ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. పరిధి దాటిపోతుంటే పిచ్ పెంచాలి. కొనేటప్పుడే బరువు పడవకు తగిన, తక్కువ పిచ్ ఉన్న ప్రొపెల్లర్ అడిగి తీసుకోవడం మంచిది.

7. డబ్బు ఎక్కడిది?

సాంకేతిక పాఠంలో అప్పు గురించి రాయడం కొందరికి అనవసరం అనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. ఇంజను డబ్బు ఎక్కువ పల్లెలలో చేపలు కొనే షావుకారు నుంచి వస్తుంది. వడ్డీ లేదంటాడు, పట్టిన చేపలు తనకే అమ్మాలంటాడు, ధర బజారు కన్నా తక్కువ కడతాడు. లక్ష రూపాయలు అప్పు, ఏడాదికి 6 లక్షల చేపలు, ధరలో పదోవంతు కోత అనుకోండి. పోయేది 60,000. వడ్డీ లేని ఆ అప్పుకు వడ్డీ ఏడాదికి 60 శాతం, అసలు అలాగే ఉంటుంది.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారుల పాత పడవల మార్పిడికి సాయం ఉంది. సాధారణంగా యూనిట్ ఖర్చులో 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం. మిగిలినది లబ్ధిదారు పెట్టుకోవాలి. మత్స్యకారులకు 2018-19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు వర్తిస్తోంది. అది ఇంధనం, మంచు వంటి నడిచే ఖర్చులకు, ఇంజను కొనడానికి కాదు. కానీ రోజువారీ ఖర్చు షావుకారు దగ్గర తీసుకోకపోతే చేపను ఎవరికి అమ్మాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ మిగులుతుంది. నమోదు పత్రాలు సరిగా లేని పడవకు ఇవేవీ అందవు. ఇంజను మార్చిన వెంటనే కొత్త ఇంజను నంబరును మత్స్యశాఖ కార్యాలయంలో రాయించుకోవాలి.

సొంత పడవ ఆగిపోయిన ఇంటి నుంచి మనుషులు ఎక్కడికి వెళతారో ఈ జిల్లాలవారికి తెలుసు. గుజరాత్‌లోని వెరావల్‌లో కూలి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్ అధికారులకు చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర విడుదలయ్యారు. వలసకు కారణాలు చాలా ఉన్నాయి, ఇంజను ఒక్కటే కాదు. అయినా ఇంటి దగ్గర నడిచే ఇంజను ఎంత విలువైనదో అంచనా వేసేటప్పుడు ఇంధన లెక్క ఒక్కటే చాలదు.

8. మొదటి గంటలు, ఆపైన ఉప్పునీరు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఇంజను ఉన్న పడవలన్నిటికీ వర్తిస్తుంది. ఇంజను లేని సంప్రదాయ తెప్పలకు మినహాయింపు ఉంది. కాబట్టి తెప్పకు మొదటిసారి ఇంజను పెట్టేవారు ఆ మినహాయింపు వదులుకుంటున్నామని తెలుసుకోవాలి. గోడ మరమ్మతుకు, రెసిన్ ఆరడానికి ఈ రెండు నెలలు తగిన సమయం. జూన్ రెండో వారంలో పని మొదలుపెట్టిన వారు తడి గోడకే ఇంజను బిగిస్తారు.

కొత్త ఇంజనుకు మొదటి 10 గంటలు కీలకం. మొదటి గంటలో పూర్తి వేగం పెట్టరాదు, ఒకే వేగంలో నిలపరాదు. టూ స్ట్రోక్‌కు ఈ కాలంలో ఆయిలు పాలు రెట్టింపు చేయమని తయారీదారులు చెబుతారు. ఫోర్ స్ట్రోక్‌కు మొదటి ఆయిలు మార్పు సుమారు 20 గంటలకు, తరువాత ప్రతి 100 గంటలకు. మన లెక్కలోని 640 గంటల పడవకు ఏడాదికి ఆరేడు సార్లు మార్చాలన్నమాట. ఈ ఖర్చును కొనేముందే లెక్కలో వేసుకోవాలి.

ఇంజనును చల్లబరచేది సముద్రపు నీరే. ఇసుక కలిసిన నీటిని పీల్చి పీల్చి పంపులోని రబ్బరు రెక్కలు అరిగిపోతాయి. ఇంజను పక్క నుంచి సన్నగా చిమ్మే ధారను ప్రతి రోజూ చూడాలి. ధార సన్నబడితే ఆ రోజే రబ్బరు రెక్కలు మార్చాలి. వేట నుంచి వచ్చాక మంచినీటి డ్రమ్ములో కాలు ముంచి ఐదు నిమిషాలు నడిపితే లోపలి ఉప్పు పోతుంది. గేరు పెట్టె మీద ఉన్న జింకు ముక్కకు రంగు వేయకూడదు. అది తాను కరిగి అల్యూమినియంను కాపాడుతుంది, సగం కరిగాక మార్చాలి.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానుల వంటివి వచ్చినప్పుడు ఇంజన్లు నీట మునుగుతాయి. మునిగిన ఇంజనును బయటికి తీసి ఎండలో ఆరబెడితే పాడవుతుంది, గాలి తగిలిన క్షణం నుంచి తుప్పు మొదలవుతుంది. మంచినీటితో కడిగి, స్పార్క్ ప్లగ్గులు తీసి నీరు కార్చి, లోపల ఆయిలు పోసి, అదే రోజు మెకానిక్కు చేతికి ఇవ్వాలి. వెంటనే వీలు కాకపోతే మంచినీటి డ్రమ్ములోనే ముంచి ఉంచడం మేలు.

పాత ఇంజనును పాత ఇనుము ధరకు ఇచ్చేముందు దానికి అమర్చిన ప్రొపెల్లర్‌ను, చేతి పిడిని, మంచి స్థితిలో ఉంటే కార్బురేటరును విప్పి ఉంచుకోండి. అదే కంపెనీ ఇంజను పల్లెలో మరొకరికి ఉంటే ఆ భాగాలకు ఇనుము కన్నా ఎక్కువ ధర వస్తుంది.

అభ్యాసం: 22 అడుగుల నీటిమట్టపు పొడవు, 42 సెంటీమీటర్ల వెనుక గోడ ఉన్న ఫైబరు పడవ ఏడాదికి 120 రోజులు, రోజుకు 5 గంటలు వేటకు వెళుతుంది. దాని సహజ వేగ పరిమితిని, టూ స్ట్రోక్‌కు బదులు ఫోర్ స్ట్రోక్ పెడితే ఏడాదికి మిగిలే ఇంధనాన్ని లెక్కించండి. గోడ ఎత్తు 38కీ 51కీ మధ్య పడింది కాబట్టి మీరు ఏ కాలు ఎంచుకుంటారో, గోడకు ఏ మార్పు చేస్తారో కారణాలతో రాయండి.